అంకెలు చదివిన మహానటుడు

మరాఠీ సినిమాల్లో ఆయన పెద్ద నటుడని అందరూ అంటారు. అయ్యుండొచ్చు. నాకు తెలిసిన ఆయన మాత్రం తెలుగులో జమీందారుగా, మంత్రిగా, పెళ్లికూతురి తండ్రిగా వేసి, ఇన్నేళ్లలో ఒక్క తెలుగు ముక్క నేర్చుకోని మనిషి. కెమెరా ముందు డైలాగు బదులు మరాఠీలో అంకెలు చదివేవాడు. ఏక్, దోన్, తీన్, చార్, పాచ్. కోపం వస్తే గట్టిగా, దుఃఖం వస్తే నెమ్మదిగా. ఈ మాత్రానికి ఒక కారవాన్, గొడుగు పట్టడానికి ఒక మనిషి.

ఆ అంకెల మీద తెలుగు అతికించడం చెన్నైలో నా ఉద్యోగం. ఆయన తెలుగు గొంతు నాదే. నటుడి పెదాలు కలిసిన చోట మ, ప, బ లాంటి అక్షరం పడకపోతే తెరమీద అబద్ధం తెలిసిపోతుంది. పది దాకా లెక్కపెట్టినా పాచ్ దగ్గర తప్ప ఆ మహానుభావుడి పెదాలు కలవవు. అందుకని ఆయన ఎవరిని "అమ్మా" అని పిలవాలన్నా నేను పాచ్ కోసం కాచుకుని కూర్చోవాలి.

పత్రికలవాళ్లు ఆయన గొంతులోని ఆర్ద్రత గురించి రాసేవారు. సొమ్మొకడిది, సోకొకడిది. చదివినప్పుడల్లా ఒళ్లు మండేది. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, ఏనాడైనా ఆయన ఎదురుపడి "నా గొంతు నువ్వేనా" అంటే చాలనుకునేవాణ్ణి.

ఈమధ్య ఒక సినిమాలో, కూతురి ఒడిలో తండ్రి ప్రాణం వదిలే సన్నివేశం వచ్చింది. మాధవరం ఇంట్లో మా నాన్న పోతూ మా అక్కను "అమ్మా" అని పిలిచిన పిలుపు తెచ్చి ఆయన నోట్లో పెట్టాను. ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

తర్వాత డబ్బింగ్ థియేటర్ నుంచి సౌండ్ ఇంజనీరు ఫోన్ చేశాడు. "అన్నా, ఆయన షూటింగుకొచ్చి ఈడికే వచ్చుండారు. ఆ సీన్ చూడాలంటన్నారు. నువ్వుగూడా రా, పరిచయం చేస్తా."

ఇస్త్రీ చొక్కా వేసుకుని పరుగెత్తాను.

ఆయన చూశాడు. కళ్లజోడు తీసి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు. లైట్లు వెలిగాక ఇంజనీరు నన్ను చూపించి, గొంతు ఈయనదేనని చెప్పాడు. ఆయన తలూపి, తన నటన తననే ఏడిపించి చాలాకాలమైందని హిందీలో అన్నాడు. మార్వాడీల సౌకార్‌పేటలో పెరిగినవాణ్ణి, నాకు హిందీ అర్థం కాకపోవడమేమిటి?

వెళ్తూ వెళ్తూ నా భుజం తట్టి అడిగాడు.

"చివర్లో కూతుర్ని చూసి నేనేమన్నాను?"

"పాచ్ అన్నారు సార్," అని చెప్పాను.