మేకుకి వేలాడే ఇరవై ఎనిమిది పళ్లు

నిన్న ఉదయం బరంపురంలో నా సైకిల్ షాపు ముందు ఒక బ్యాంకు ఉద్యోగి ఖరీదైన రేసు సైకిలు దిగాడు. ఆయన పెడలు వదిలేసినా వెనక చక్రం టిక్ టిక్‌మంటూ తిరుగుతూనే ఉంది. ఆ ఫ్రీవీల్ చప్పుడు వింటే నా వేళ్లు వాటంతటవే పోయినవాటిని లెక్కపెడతాయి. ఒక పందెం. ఒక ఉద్యోగం. ఒక మనిషి ఎడమ మోకాలు. కొండదారిలో సైకిలు దిగి నడిచిన నలభై అడుగులు, వాటిలో పోయిన అర నిమిషం. ఇంకొక మనిషి ముప్పై ఏళ్లుగా సంపాదించుకున్న పేరు. ఇవన్నీ నేను వేసిన ఒక లెక్క వల్ల పోయాయి. ఆ లెక్కలో కూడిక, భాగహారం ఎక్కడా తప్పలేదు. నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది అదే.

ఆ రోజుల్లో ఈ షాపు లోకనాథం మావది. చుట్టరికం లేకపోయినా అందరికీ ఆయన మావే. తొమ్మిదో తరగతితో బడి మానేసిన నేను ఇరవై మూడేళ్లప్పుడు ఆయన దగ్గర పనికి కుదిరాను. లెక్కలు మాత్రం నా అంతట నేనే నేర్చుకున్నాను. రామయ్యపట్నం నుంచి సైకిళ్ల మీద చేపల బుట్టలు మోసుకొచ్చేవాళ్లు వెనక చక్రానికి ఎన్ని పళ్లుండాలో ఆయన్నే అడిగేవారు. ఆయన మనిషిని సీటు మీద కూర్చోబెట్టి తొక్కించి, అతని రెండు మోకాళ్లనీ అరచేతుల్లో పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "ఈడికి ఇరవై రెండు" అనేవాడు. నాకు నవ్వొచ్చేది. ముందు పెడళ్ల దగ్గర నలభై ఎనిమిది, వెనక ఇరవై నాలుగు పళ్లుంటే పెడలు ఒక్క చుట్టుకి సైకిలు నాలుగు మీటర్ల ఇరవై సెంటీమీటర్లు పోతుంది. వెనక ఇరవై ఎనిమిది ఉంటే తొక్కడం తేలిక, కాని పోయేది మూడు మీటర్ల అరవయ్యే. కాగితం మీద ఇంత స్పష్టంగా ఉన్నదానికి మోకాళ్లెందుకు?

"అలా పట్టుకుంటే ఏటి తెలుస్తాది మావా?" అని ఒకసారి అడిగాను.

"నీ కాయితానికి మోకాళ్లు నేవు గదరా. అందుకే నాను పట్టుకుంటన్నాను" అన్నాడు.

ఆ చేపల సైకిళ్లవాళ్లలో సింహాద్రి అందరికంటే గట్టివాడు. ఆ ఏడాది ఒక పెద్ద కర్మాగారం వాళ్లు బరంపురం నుంచి తప్తపాణి కొండ మీదికి సైకిల్ పందెం పెట్టి, మొదటి ఇద్దరికి ఉద్యోగం ఇస్తామన్నారు. వయసు హద్దు ప్రకారం సింహాద్రికి అదే ఆఖరి అవకాశం. వాళ్ల ఇంట్లో చేపలు పట్టే తెప్ప అప్పటికే అమ్ముడైపోయింది. "ఇది పోతే సూరత్ బండెక్కేస్తాను మావా. మగ్గాల కాడ పడుంటాను. మరేటి సేస్తాను?" అన్నాడు. మావ పాత రేసు సైకిలొకటి బాగుచేశాడు. పందేనికి ముందురోజు అతని మోకాళ్లు పట్టుకుని చూసి, "కొండకి పెద్ద పళ్లచక్రం ఇరవై ఎనిమిది ఉండాల. ఎక్కించీ" అని నాకు చెప్పి వేరే పని మీద వెళ్లాడు.

నేను కాగితం తీశాను. ఎక్కుడు అయిదు కిలోమీటర్లు. ఇరవై ఎనిమిదితో అయితే పదమూడు వందల ఎనభై తొమ్మిది చుట్లు తొక్కాలి. ఇరవై నాలుగుతో పదకొండు వందల తొంభై. నూట తొంభై తొమ్మిది చుట్లు మిగులుతాయి. యాభై కిలోల బుట్టతో ఎదురుగాలిలో లాగే మనిషికి ఖాళీ సైకిలుతో కొండ ఒక లెక్కా అనుకున్నాను. ఇరవై నాలుగే బిగించాను. ఇరవై ఎనిమిదిని మేకుకి తగిలించాను.

మర్నాడు పందెం మొదలయ్యే చోట ఈల వేయడానికి అయిదు నిమిషాలుందనగా మావ వెనక చక్రం పక్కన గొంతుక్కూర్చుని పళ్ల మీద బొటనవేలు నడిపించాడు. పెదవులు కదిలాయి. ఇరవై నాలుగు దగ్గర ఆగిపోయాయి. చక్రం మార్చి, చైను సరిచేయాలంటే అరగంట పడుతుంది.

"ఏటి మావా, అలగ సూస్తన్నావు? తేడాగుందేటి?" అన్నాడు సింహాద్రి.

"ఏటీ నేదురా. ఈ సైకిలు నీ పెళ్లాం కంటే సెప్పినమాట ఇంటాది, ఎల్లు."

"ఈ మాట అది ఇంటే నీ షాపు తగలెట్టేస్తాది!"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మావ నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు. "ఇప్పుడు సెప్తే ఆడి కాళ్లల్లో బయం దిగిపోతాది. నోరిప్పకు."

పందెం సైకిళ్లకి ముందు వెళ్లే లారీలో ఇద్దరం కొండ మీదికి వెళ్లాం. దారిలో నా ఎదురుగాలి లెక్క చెప్పాను. ఆయన కొండవైపు చూస్తూ, "గాలి మద్దిమద్దిలో ఊపిరి తీసుకుంటాదిరా. అప్పుడు మనోడూ తీసుకుంటాడు. కొండ తీసుకోదు" అన్నాడు.

పై వంపు దగ్గర నిలబడి చూశాం. సింహాద్రే ముందున్నాడు. నేను గడియారం పట్టుకుని అతని తొక్కుళ్లు లెక్కపెట్టాను. కింది వంపులో నిమిషానికి అరవై. తర్వాతి వంపులో యాభై. ఆపైన ముప్పై ఎనిమిది. వెనక వస్తున్న ఇద్దరి కాళ్లు చకచకా తిరుగుతున్నాయి. వాళ్లు అతన్ని దాటారు. సైకిలు రోడ్డుకి అడ్డంగా అటూ ఇటూ ఊగింది. సింహాద్రి దిగిపోయాడు. ఎడమ కాలు ఈడుస్తూ నడిచి, మళ్లీ ఎక్కాడు. రెండోవాడి కంటే అర నిమిషం వెనక, మూడోవాడిగా చేరాడు.

రాయి మీద కూలబడి మోకాలు పట్టుకున్నాడు. "ఇరవై ఎనిమిది ఎక్కిస్తానన్నావు గదా మావా?"

"అన్నాను. మల్లీ నానే ఇరవై నాలుగు ఎక్కించినాను. ముసిలి బుర్ర. నన్ను తిట్టు."

నేను నోరు తెరిచాను. మావ నా భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. నేను నోరు మూసుకున్నాను. ఆయన నొక్కబట్టే మూసుకున్నానని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

సింహాద్రి సూరత్ వెళ్లిపోయాడు. రామయ్యపట్నం సైకిళ్లు వేరే షాపుకి మళ్లాయి. మావ నన్ను ఒక్క మాట అనలేదు. ఒక ఆదివారం మాత్రం ఇరవై నాలుగు పళ్లతోనే ఉన్న అదే సైకిలిచ్చి, అదే కొండ ఎక్కమన్నాడు. మూడు వందల పదకొండో చుట్టు దగ్గర నా కాలు పెడలు మీద ఆగిపోయింది. ఆయన వెనకే నడిచి వచ్చాడు.

"నీ లెక్క తప్పు కాదురా. నీ కాలు ఆగిన ఈ మూడొందల పదకొండు అందులో నేదు, అంతే."

"నా పేరు ఎందుకు సెప్పనేదు మావా?"

"తప్పు నీ మీద పడితే నువ్వు మరి లెక్క ఎయ్యవు. నాకేటి, ముసిలోణ్ణి."

ఆయన పోయి పదేళ్లు దాటింది. ఎవరికి గేరు మార్చాలన్నా నేను ముందు కాగితం మీద లెక్క వేస్తాను, ఆ తర్వాత మోకాళ్లు పట్టుకుంటాను. రెండూ ఒకే మాట చెప్పేదాకా రెంచీ ముట్టను. నిన్న ఆ బ్యాంకు ఉద్యోగిని కూడా కూర్చోబెట్టి పట్టుకుంటే ఆయన సిగ్గుపడ్డాడు.

కిందటేడు సింహాద్రి వచ్చాడు. ఎడమ కాలు ఇంకా ఈడుస్తున్నాడు. టీ తాగుతూ, "ముసిలోడు మంచోడే గాని, ఆ రోజు లెక్క తప్పీసినాడు" అన్నాడు. "ఊఁ" అన్నాను. ఆ ఒక్క అక్షరంతో మావ మీద నింద ఇంకోసారి వేశాను.

ఇరవై ఎనిమిది పళ్ల చక్రం ఇప్పటికీ అదే మేకుకి ఉంది. షాపు తెరవగానే దాని పళ్ల మీద బొటనవేలు నడిపిస్తాను. ఇరవై నాలుగు దాకా చకచకా వస్తాను. అక్కడ వేలు ఆగుతుంది. సింహాద్రికి నిజం చెప్పిన రోజున మిగతావి లెక్కపెడతాను. అప్పటిదాకా మావకీ, సింహాద్రికీ నేను బాకీ: నాలుగు పళ్లు.