ఉట్నూరు చలువలో ఆరు రోజులు

పెండ్లయినంక అది మా రెండో ఎండాకాలం. కరీంనగర్‌ల మేముండే కిరాయి ఇంటికి పైన రేకులు. పగటిపూట ఇంట్ల కూసుంటే పొయ్యి పక్కన కూసున్నట్టే ఉండేది. నేనప్పుడు ఒక సర్కారు దఫ్తరుల గుమాస్తాను. మా ఇంట్ల మగ్గం ఇడిసి కుర్చీల కూసున్న మొదటి మనిషిని నేనే. ఆ సంగతి ఎవరూ మర్చిపోకుండ చూసుకునేటోణ్ని.

మా దఫ్తరుల ఒక ముసలి చప్రాసీ ఉండె. నేను ఎండకు పరేషాన్ అయితుంటే చూసి, ఒకనాడు ఆయనే అన్నడు.

"మా ఊరికి పోయి రాండ్రి సారూ. ఉట్నూరు. కొండల మీద ఉంటది. ఈ కాలంల గూడ పొద్దుగాల దుప్పటి కప్పుకోవాలె. మా తమ్ముని ఇల్లున్నది. మీకు ఏ ఫికరూ ఉండది."

బస్సు కిరాయి తప్ప వేరే ఖర్చు లేదని నాకు మహా సంబురమైంది. ఇంటికి పోయి చెప్తే నా భార్య, "ఉత్త చేతులతోని పోయి వాళ్ల మీద పడి తింటమా? జర బియ్యం, పప్పు కట్టుకుందాం" అన్నది.

"మూటలు మోసుకుంట పోయేదానికి సెలవెందుకు?" అన్న నేను.

పోయేనాడు చప్రాసీ బస్సు కాడికి వచ్చి చిన్న మూట ఒకటి చేతిల పెట్టిండు. "ఇందుల కొత్త చీర ఉన్నది సారూ. మా అవ్వకు, నన్ను కన్నతల్లికి ఇయ్యుండ్రి. ఎట్లున్నదో మీ కండ్లతోని చూసి చెప్పుండ్రి" అన్నడు. చూస్తనన్న.

గోదావరి దాటి, రెండు బస్సులు మారి, టేకు అడవుల నడుమ ఘాటు రోడ్డు ఎక్కి పోయేసరికి పొద్దు వాలింది. చప్రాసీ తమ్ముడు బస్సు కాడ నిలబడి ఉన్నడు. రెండు గదుల గూనపెంకుల ఇల్లు. పెద్ద గది అప్పుడే అలికి ముగ్గేసి ఉన్నది. నులక మంచం మీద ఉతికిన దుప్పటి పరిచిండ్రు. చీర మూట గడప కాడనే తమ్ముని చేతిల పెట్టిన. అవ్వ ఏదని అడగలే.

సుఖపడ్డ మాట నిజం. పొద్దుగాల కొండల మీద సన్నటి పొగ లేచినట్టుండేది. చల్లగాలికి దుప్పటి భుజాల మీద కప్పుకొని ఊరవతల వాగు దాక నడిచేటోళ్లం. అంగడి నాడు గోండు ఆడోళ్లు దొప్పలల్ల మొర్రి పండ్లు అమ్మితే కొని తింటూ తిరిగినం. నా భార్య నవ్వు నేను అంత దగ్గర్నుంచి విన్నది అక్కడనే. ఇంటికొస్తే వేడి వేడి అన్నం, ఒకనాడు కోడికూర. ఇంటోళ్లు వెనక కూసొని జొన్న గటుక తింటున్నరని నా భార్య చెప్పింది. "వాళ్లకు అదే అలవాటు" అన్న.

ఒక్కటే ఇబ్బంది ఉండె. ఇంటెనక కొట్టం నుంచి దగ్గు వినవస్తుండె. తెరలు తెరలుగ, ఊపిరందకుండ వచ్చే దగ్గు. మగ్గాల ఇండ్లల్ల పుట్టినోణ్ని, అసొంటి దగ్గు నాకు కొత్త కాదు. మా నాయనమ్మ పత్తి దూది పీల్చి పీల్చి బతికినన్నాళ్లూ అట్లనే దగ్గింది. అయినా మూడోనాడు పగటి నిద్ర చెడిపోంగనే చప్రాసీ తమ్ముణ్ని పిలిచిన.

"ఎనక ఆ దగ్గేంది? ఇంత దూరమొచ్చి కునుకు తీసే గతి లేదా?"

ఆయన తల వంచుకొని, "చూస్త సారూ" అన్నడు.

తెల్లారి దగ్గు లేదు. కడుపునిండ తిని పొద్దు వాలేదాక పండుకున్న. "చూసినవా, చెప్తే పని అయితది" అని నా భార్యతోని గొప్పగ అన్న గూడ.

ఐదోనాడు ఆమె బాయి కాడినుంచి కుండ ఎత్తుకొచ్చి, దించకుండనే నా ముందర నిలబడ్డది.

"ఆ దగ్గేటామె ఎవరో ఎరుకేనా? మీ చప్రాసీ అవ్వ. ఈ గది ఆమెది. మనం పండుకుంటున్న మంచం ఆమెది. మనం వస్తున్నమని ఆమెను కొట్టంల ఏసిండ్రు. మీరు గట్ల అన్నంక నిన్న పొద్దుగాల్నే బండి కట్టి చేను కాడి గుడిసెకు తోలిండ్రట."

"ఎవరు చెప్పిండ్రు?"

"ఆమె కోడలే. కోపంతోని చెప్పలే. ఎడ్లు ఏవని నేనడిగితే చెప్పింది."

నేను మంచం మీదినుంచి లేచిన. లేచి ఏం చేయాల్నో తోచలే.

"పాండ్రి, పోయి చూసొద్దాం" అన్నది.

"ఎంత దూరం?" అన్న.

ఆ మాట నా నోట్లెకెళ్లి ఎట్ల వచ్చిందో ఇప్పటికీ తెల్వదు. ఆమె కుండ దించి, ఆ కోడల్ని వెంటబెట్టుకొని ఎండలనే పోయింది. నేను అరుగు మీద కూసున్న. తిరిగొచ్చినప్పుడు ఆమె కాళ్లు మోకాళ్ల దాక దుమ్ము. కాళ్లు కడుక్కొని, "రేపు పోదాం. ఆమెను ఆమె ఇంటికి రానీయుండ్రి" అని ఒక్క మాట అన్నది.

తెల్లారి బస్సు కాడ చప్రాసీ తమ్మునికి పైసలు ఇయ్యబోయిన. ఆయన చేతులు ఎనకకు పెట్టుకున్నడు. "వద్దు సారూ, అన్న నన్ను తిడ్తడు." రెండోసారి అడగలే. జేబుల పెట్టుకున్న.

దఫ్తరుకు పోయిన నాడు అందరూ నా చుట్టూ మూగిండ్రు. ఆరు రోజులు ఎంత అగ్గువకు, ఉత్త బస్సు కిరాయితోని గడిచినయో చెప్పుకుంట నేను నవ్వుతున్న. చప్రాసీ నీళ్ల గ్లాసు పట్టుకొని నిలబడి ఉన్నడు. సందు దొరకంగనే మెల్లగ అడిగిండు.

"మా అవ్వను చూసిండ్రా సారూ?"

"చూసిన. మంచిగున్నది. నిన్ను యాది చేసింది."

ఆఖరి మాట ఆయన అడగనే లేదు. నేనే కలిపిన. ఆయన ముఖం ఎంత వెలిగిందో, నేను దాన్ని చూడలేక కాయితాలల్లకు తల వంచిన.

వానలు పడ్డంక ఆయన సెలవు పెట్టి ఊరికి పోయి వచ్చిండు. నాకు లోపల గుబులు. ఆయన ఎప్పటిలెక్కనే నీళ్లు తెచ్చి పెట్టిండు, ఫైళ్లు తెచ్చి పెట్టిండు. వారం రోజులైనంక ఒక సాయంత్రం దఫ్తరుల మేమిద్దరమే మిగిలినం. నేనే అడిగిన, "అవ్వ ఎట్లున్నది?"

ఆయన కిటికీలు ఏసుకుంటున్నడు. నా దిక్కు తిరగలే.

"వానలకు జర ఎక్కువైంది సారూ. మీరు పోయినప్పుడు అమ్మగారు వచ్చి గుడిసెల కూసున్నరట. కాళ్లు పిసికిండ్రట. అవ్వ నాకు నాలుగుసార్లు చెప్పింది. సారు గూడ వచ్చిండా అని అడిగిన. రాలే అన్నది." ఇంకో కిటికీ రెక్క దగ్గరికి ఏసిండు. "మీరే చెప్తరేమోనని చూసిన సారూ."

తప్పయిందని అనాలె. నేను అన్నది మాత్రం, "ఆ కిటికీ సరిగ్గ ఎయ్యి, జల్లు కొడుతున్నది."

"అట్లనే సారూ" అని మళ్లా తీసి, గట్టిగ ఏసిండు.

ఆ ముసలమ్మ ఇంక రెండేండ్లు బతికింది. మరుసటి ఎండాకాలం నా భార్య చప్రాసీ కుటుంబంతోని కలిసి ఉట్నూరు పోయి నాలుగు రోజులుండి వచ్చింది. బియ్యం, పప్పు, మందులు మూట కట్టుకొని పోయింది. నన్ను రమ్మని అడగలే. నేను వస్తననీ అనలే. బస్సెక్కించి, రేకుల ఇంటికి తిరిగొచ్చి ఒక్కణ్నే అన్నం వండుకున్న.