తెరకు మర్యాద చేసిన మాస్టారు

మా కంప్యూటర్ మాస్టారు మొన్న పాలకొల్లులో పోయారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పగానే ఏడుపొచ్చింది. ఆ వెంటనే ఆత్రేయపురం పూతరేకుల కొట్టు గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. ఆయనేమీ అనుకోరు లెండి.

నాకు ప్రోగ్రాములు రాయడం నేర్పి, తన దగ్గరే పనిచ్చారు. దారి అడగడానికి గుమ్మంలో ఆగినవాళ్ళకి కూడా కాఫీ తాగించి పంపే మనిషి. "మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళని కనిపెట్టుకుని ఉండాలమ్మాయ్" అనేవారు. చిక్కేమిటంటే, అప్పట్లో ఆ కొట్టుకు రాసిన బిల్లింగ్ ప్రోగ్రాముకూ అదే నేర్పారు.

బెల్లం పూతరేకుల ధర కంప్యూటర్ తెరకు పంపి ప్రోగ్రాము ఆగుతుంది. అందిందని తెర జవాబిచ్చాకే పంచదారవాటి ధర పంపుతుంది. మళ్ళీ ఆగుతుంది. పైగా ఒక్క పెట్టె కలిపినా అన్నీ మొదటి నుంచి పంపుతుంది.

కొట్టు యజమాని ఫోన్ చేశాడు. "మీ బిల్లు వచ్చేలోపు కస్టమర్లు రుచికిచ్చినవి తినేసి, చాలండి అని వెళ్ళిపోతున్నారండి. ఆదివారానికి బాగవ్వకపోతే తీసేస్తానండి."

అది మా మొదటి కొట్టు. అక్కడ పోతే ఆ వీధిలో ఇంకెవరూ మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వరు.

అన్నీ ఒకే మూటగా పంపి ఒక్కసారే జవాబు తీసుకుందాం, తర్వాత మారినవి మాత్రమే పంపుదాం అన్నాను. మాస్టారు నొచ్చుకున్నారు.

"తిన్నాడో లేదో చూడకుండా విస్తట్లో అన్నీ ఒకేసారి కుమ్మరిస్తామా?"

"అది తెరండి మాస్టారూ, కొత్తల్లుడు కాదు."

పూటంతా మొహం ముడుచుకుని తిరిగారు. సాయంత్రం ఆయనే కూర్చుని మార్చేశారు.

ఆదివారం యజమాని బటన్ నొక్కి వేలు తీసేలోపే బిల్లు వచ్చింది. అతని మొహం మాడిపోయింది.

"అప్పుడే వచ్చేసిందేంటండి? అసలు కూడిందాండి?"

కాయితం మీద కూడి చూసుకున్నాడు. సరిపోయింది. అయినా నమ్మలేదు. ఈలోగా కస్టమర్లు మళ్ళీ రుచి చూడ్డం మొదలెట్టారు.

మాస్టారు నన్ను పక్కకి జరగమని, బిల్లు వచ్చే ముందు ఒక్క క్షణం ఆగేలా చేశారు. ఆ క్షణంలో తెర మీద "కూడుతున్నానండి" అని కనిపిస్తుంది. యజమాని అది చదివి తృప్తిగా తలూపాడు. కొట్టు చేజారలేదు. తిరిగొస్తూ బస్సులో మాస్టారు, "కాస్త కష్టపడినట్టు కనబడకపోతే ఎవరు నమ్ముతారమ్మాయ్" అన్నారు.

నిన్న ఆ కొట్టుకు వెళ్ళి మాస్టారి కబురు చెప్పాను. ఇప్పుడు అందరికీ వేగం అలవాటైంది కదా, ఆ ఆగడం తీసెయ్యమంటారా అని అడిగాను. యజమాని తల అడ్డంగా ఊపాడు.

"ఉంచండమ్మా. ఆయన పలికినట్టుంటాదండి."

పెట్టెలు కట్టి బటన్ నొక్కాడు. తెర మీద ఆ మాట వచ్చింది. కొనడానికొచ్చినావిడ సంచీ తెరిచి పట్టుకుని తొందరపడుతోంది. మేమిద్దరం మాత్రం, ఆ బిల్లు ఇంకాస్త ఆలస్యంగా వస్తే బాగుండునని చూస్తూ నిలబడ్డాం.