మూడు వారాలు ఆగమన్న మనిషి

వర్క్ ఇన్‌స్పెక్టర్ సారు పోయారని మొన్న పొద్దున వైరా నుంచి ఆయన కోడలు ఫోన్ చేసింది. నిద్రలోనే పోయారట. ఆ మాట విని నేను ముందుగా ఆకాశం వైపు చూశాను. రెండు రోజులుగా ముసురు పడుతోంది. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఎందుకో చెబుతాను.

భద్రాచలం అవతల, ఛత్తీస్‌గఢ్ సరిహద్దు దగ్గరున్న పోలీసు క్యాంపుకు రోడ్డు వేసినప్పుడు మామూలు నిబంధనలన్నీ పక్కన పెట్టారు. భద్రత పని, ఆలస్యం కూడదన్నారు. టెండరు లేకుండానే ఒక కాంట్రాక్టరుకు ఇచ్చారు. మనుషులను కూడా పరీక్ష, సర్టిఫికెట్ అడగకుండా తీసుకున్నారు. అలా వచ్చినవాణ్ణే నేను. బడికి పోకుండా నేర్చుకున్న అక్షరాలతో సైటులో రోజువారీ పుస్తకం రాసేవాణ్ణి. సారు అది తిరగేసి, "సిమెంట్ బస్తాలు రాసినవ్, నీళ్ళు రాయలేదేంది?" అన్నారు. అప్పటినుంచి స్లాబు తడిపిన పూటలు కూడా రాశాను. ఆయన మాత్రం పుస్తకం ఒక్కటే చూసి ఊరుకునేవారు కాదు. తడి గోనెపట్టాల కింద చెయ్యి పెట్టి చూసేవారు. బండి తాళంచెవితో స్లాబును కొట్టి, తల వంచి వినేవారు.

వాగు మీద కల్వర్టుకు స్లాబు పోసి వారం తిరక్కుండానే, స్లాబు కింద ఆనించిన సెంట్రింగ్ చెక్కలు విప్పి బండ్లు వదలాలంటూ కాంట్రాక్టరు మేనేజర్ వచ్చాడు.

"వానలు మొదలైతే క్యాంపుకు బియ్యం గూడ పోవు సార్. రూల్స్ అన్నీ తీసేసిన్రు, మీరెందుకు పట్టుకొని కూసుంటరు?"

"రూల్ తీసెయ్యొచ్చు. సిమెంట్ గట్టిపడే దినాలు ఎవడు తీసేస్తడయ్యా? మూడు వారాలు ఆగు."

"ఇదేమన్న మీ ఇంటి స్లాబా సార్?" అని మేనేజర్ నవ్వాడు.

రెండు రోజులు సారు ఒప్పుకోలేదు. మూడో రోజు అవతలి ఊరివాళ్ళు నొప్పులు పడుతున్న ఒక ఆడమనిషిని మంచం మీద మోసుకుంటూ, కల్వర్టు దారి మూసి ఉండటంతో నడుంలోతు వాగులో దిగి తెచ్చారు. తల్లీ బిడ్డా బతికారు. సారు చాలాసేపు వాగు వైపే చూసి, "విప్పుండ్రి" అన్నారు. సంతకం కూడా పెట్టారు.

రిటైరయ్యాక కూడా వాన పడితే చాలు, వైరా నుంచి బస్సెక్కి కల్వర్టు దగ్గరికి వచ్చేవారు. స్లాబు చూసి, బండ్లు రావచ్చో ఆగాలో ఆయనే చెప్పేవారు.

"ఇంకెందుకు సార్ ఈ తిప్పలు? రిటైరైన్రు గదా."

"నేనైన. స్లాబు అయిందారా?"

ఒకసారి ధైర్యం చేసి, "నన్ను గూడ రూల్ తీసేసే తీసుకున్నరు సార్" అన్నాను.

"నీకు రోజూ దగ్గరుండి నేర్పిన. ఆ స్లాబును వారానికే ఇడిచిపెట్టిన" అన్నారు.

నిరుడు స్లాబు అడుగున సన్నని పగులు కనిపించింది. ఆయన ఆఫీసుకు రెండుసార్లు రాశారు. జవాబు రాలేదు.

నిన్న వాన ముదిరింది. నేను వెళ్లేసరికి కల్వర్టు అవతల సంతకు పోయే ఆటో ఆగి ఉంది.

"అన్నా, సారు రాలే?" అని డ్రైవర్ అరిచాడు.

"సారు పోయిండు."

అతను ఇంజన్ ఆపేశాడు. "మరి నువ్వు జెప్పు. రావాల్నా, ఆగాల్నా?" అన్నాడు.

కింద ఎర్రనీళ్లు. చివరికి, "అందర్ని దించు. నడిచి రమ్మను" అన్నాను.

చెప్పులు చేతబట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆఖరున కొంగు కింద పిల్లను దాచుకుని ఒక తల్లి. అందరూ నా వెనక నిలబడ్డారు. ఖాళీ ఆటో ముందు చక్రం మెల్లగా స్లాబు మీదికి ఎక్కింది.