ఈదమ్మ నెత్తిన పలుగురాయి

ఈదమ్మ బతుకులో సగం నెత్తిమీదనే గడిచింది. పాలపళ్లు ఊడే వయసులో పలుగురాళ్ల గంప ఎత్తుకుంటే, గనులు మూతపడేనాటికి నడినెత్తిన వెంట్రుక మిగల్లేదు. ఆ తెల్లరాయి ఎటు పోయేదో ఆమెకు తెలియదు. గాజు చేస్తారని మేస్త్రీ అనేవాడు. దొరలు చాయ తాగే పింగాణీ కప్పులు చేస్తారని నాగులమ్మ అనేది. గంపల వరుసలో నాగులమ్మ ముందు, ఈదమ్మ వెనుక. ఒక వానాకాలం గుంత అంచు విరిగి నాగులమ్మను మింగింది. కంపెనీవాళ్లు ఆ గుంతను వదిలేసి పక్కన ఇంకొకటి తవ్వుకున్నారు. వాళ్ల ఏడుపు అంతవరకే.

పందొమ్మిది వందల అరవై రెండో సంవత్సరం ఎండాకాలంలో ఈదమ్మ బిడ్డ అండాలుకు నొప్పులు మొదలయ్యాయి. అల్లుడు బొంబాయిలో మట్టిపనికి పోయి ఉన్నాడు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. పొద్దుగూకేలోగా కల్వకుర్తి దవాఖానకు చేర్చకపోతే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరంది. పక్కింటి అంజన్న బండి కట్టాడు. సడక్ చుట్టుతిరుగుడు కాబట్టి పాత గుంతల మధ్య బండ్లబాట పట్టారు.

సగం దారిలో మబ్బు కమ్మి రాళ్లవాన మొదలైంది. బండి గూడు మీద వడగండ్లు దబదబ పడ్డాయి. ఎడ్లు బెదిరి వణికాయి. వాన వెలిసేసరికి లోకం మారిపోయింది. ఎప్పుడూ తెల్లటి పలుగు ముక్కల మధ్య ఎర్రగా కనబడే బాట ఇప్పుడు లేదు. నేల తెలుపు, గుట్టలు తెలుపు, గుంతల నీళ్లమీద తేలే మంచు కూడా తెలుపే. చల్లటి పొగ నేలలోంచి లేచి అన్నిటినీ ఒకటిగా కలిపేసింది.

"అంతా సున్నం కొట్టినట్టుందక్కా," అన్నాడు అంజన్న. "గుంతేదో, బాటేదో ఎరుకైతలేదు. జరసేపు ఆగుదాం, కరుగుతది."

గూడులోంచి అండాలు మూలిగింది. "అమ్మా, నా తోని గాదే..."

"గది ఆగుతదారా?" అంటూ ఈదమ్మ దిగి ముందు నడిచింది. నాలుగడుగులకే కాలు తడబడింది. ఇన్నేళ్లు నడిచిన నేల కొత్తదానిలా ఉంది. గంప మోసే ఆడదానికి కిందికి చూడడం కుదరదు. మెడ నిటారుగా ఉంటే కాళ్లే దారి చూసుకునేవి. ఇప్పుడు ఖాళీ తల అటూ ఇటూ తిరుగుతోంది. కాళ్లకు ఏమీ గుర్తు రావడం లేదు.

చీర కొంగు చుట్టి, గంప కింద పెట్టుకునే చుట్టబట్టలా నెత్తిన పెట్టుకుంది. "అంజన్నా, గా రాయి ఎత్తు."

"పిచ్చిగిట్ల లేచిందా? బిడ్డ సావుబతుకుల్ల ఉంటే రాళ్లు మోస్తనంటవ్!"

"ఎత్తుమంటే ఎత్తురా!"

అతడు గొణుక్కుంటూనే ఒక పెద్ద పలుగురాయిని ఆమె నెత్తికెక్కించాడు. మెడ బిగిసింది. నడుము నిలబడింది. అరికాళ్లు మంచును దాటి కింది నేలను తడిమాయి. ఇక్కడ మెత్తన, ఇక్కడ గరుకు, ఇక్కడ ఎత్తు. ఈదమ్మ కళ్లు సగం మూసుకుంది. ముందు నుంచి కడియాల చప్పుడు వచ్చింది. నాగులమ్మ నడక అలాగే ఉండేది, ఒక కాలు కొంచెం ఈడుస్తూ. వెనుక కూడా ఎవరో ఉన్నారు, వాళ్ల వెనుక ఇంకెవరో. చల్లటి తెల్లటి వెలుగులో పాత వరుసంతా నడుస్తోంది.

ఎదురుగా చదునైన దారి కనబడుతున్నా కడియాలు ఎడమకు తిరిగాయి. ఈదమ్మ కూడా తిరిగింది.

"అటెందుకక్కా, నేరుగా మంచిగనే ఉన్నది గదా!"

"నా ఎనుకనే రా. నోరు మూసుకొని రా."

బండి తిరిగింది. ఒక చక్రం ఒరుసుకుంటూ పోగానే నేరుగా ఉన్న ఆ చదును అంచు విరిగి లోపలికి జారింది. చాలాసేపటికి కిందినుంచి నీళ్ల చప్పుడు వినబడింది. అంజన్న ఎడ్లను ఆమె అడుగుల వెంటే తోలాడు.

సడక్ ఎక్కాక కడియాల చప్పుడు ఆగిపోయింది. అంచు విరిగిన చప్పుడుకు మళ్లీ బెదిరిన ఎడ్లను వదిలి రాయి దించేందుకు అంజన్న దిగలేకపోయాడు. ఒంటరిగా బరువు దించుకుంటే మెడ పట్టేస్తుందని గంపలు మోసినవాళ్లందరికీ తెలుసు. ఈదమ్మ అలాగే నడిచింది.

ఊరి మొదట్లో హోటల్ ముందు కూర్చున్నవాళ్లు నవ్వారు. "ఏం ముసల్దానా, కల్వకుర్తిల రాళ్లకు కరువొచ్చిందా?"

"మీ నెత్తిలున్నయి గదా, కరువెందుకొస్తది!" అంది ఆగకుండానే.

దవాఖానలో అండాలును లోపలికి మోసి అంజన్న బయటికి పరుగెత్తుకొచ్చాడు. "దించుతా రా అక్కా."

"ఆగు. ముందు దానిది దిగనీ."

ఆమె గుమ్మం ముందు నిలబడే ఉంది. మెడ మీదుగా చెమట కారుతోంది. వాకిట్లో మిగిలిన వడగండ్లు ఒక్కొక్కటే నీళ్లయిపోతున్నాయి. లోపలి అరుపు ఆగిపోయింది. తర్వాత సన్నగా, కోపంగా, ఎవరో కొత్తమనిషి ఏడ్పు.

నర్సమ్మ తలుపు తీసింది. "ఆడపిల్ల. తల్లి మంచిగనే ఉంది. ఏందమ్మా గా రాయి?"

ఈదమ్మ అంజన్న వైపు కొంచెం వంగింది.

"ఇగ పట్టు," అంది.