రెండొందల మూడో వీడియో

దయానంద్ ముఖం నేరుగా చూడకముందే అతని గొంతు నాలుగు వారాల పాటు విన్నాను.

నాది తిరుపతిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే పని. బస్టాండు వెనక సందులో, మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఒక పెడస్టల్ ఫ్యాను. పోయినేడు మార్చిలో, ముహూర్తాలు లేక పని తగ్గిన రోజుల్లో, హృషీకేశ్ గారు వచ్చారు. ఆయన సొంతూరు తిరుపతే. బెంగళూరులో ఉంటూ డాక్యుమెంటరీలు తీస్తారు. చిన్న హార్డ్ డిస్క్ ఒకటి బల్ల మీద పెట్టి కూర్చున్నారు.

"యుద్ధంలో ఒక అబ్బాయి తనను తానే తీసుకున్న వీడియోలివి. రెండు వందల మూడు ఉన్నాయి. మాట్లాడేది మన ఏర్పేడు వైపు యాస. మా ఎడిటర్లకు సగం అర్థం కావడం లేదు. మీరు విని, ఉన్నది ఉన్నట్టు టైపు చేసి పెట్టాలి కోమలి గారూ."

"అబ్బాయి బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. ఇంటికొచ్చి మూడు నెలలైంది. కానీ ఇవి చూడమంటే చూడనంటాడు. మీరు చూసుకోండి, నాకొద్దు అంటాడు."

దయానంద్‌ది ఏర్పేడుకు ఇవతల చిన్న పల్లె. తండ్రి చెంగయ్య కంకర క్రషర్లో పని చేసి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నలభై నాలుగేళ్ళకే పోయాడు. తల్లి తాయమ్మ వేరుశనగ చేలల్లో కూలికి పోయేది, తర్వాత బడిలో మధ్యాహ్న భోజనం వండే పనికి కుదిరింది. దయానంద్ డిగ్రీ మధ్యలో వదిలేసి రేణిగుంటలో ఒక గోడౌన్లో చేరాడు. పార్సిళ్ళ మీద గీతల్ని మిషనుకు చూపించి, ఊరూరికీ వేరు చేసి పెట్టడం అతని పని. అన్నం వేళ అట్టపెట్టెల మధ్య నిలబడి ఫోన్లో తన వీడియో తీసుకునేవాడు. సరదా పిల్లవాడు.

ఫోన్లోనే పరిచయమైన ఏజెంటు ఒకడు, రష్యాలో గోడౌన్ పని ఉందని చెప్పాడు. ఈడ చేసే పనే కదా ఆడా చేసేది అని తల్లికి నచ్చచెప్పి, 2023 నవంబరులో బయల్దేరాడు. దిగిన నాలుగో రోజు చదవడం రాని భాషలో కాగితం మీద సంతకం పెట్టించారు. పన్నెండో రోజుకు అతని చేతిలో పార వుంది, కందకం తవ్వుతున్నాడు. నెల తిరిగేసరికి తుపాకి వచ్చింది.

ఇదంతా వీడియోల్లోనే ఉంది.

అక్కడ ఫోను ఉంచుకోకూడదు. లోపలి బనియన్‌కు సంచీ కుట్టుకుని అందులో దాచాడు. సిగ్నల్ లేదు, ఇంటికి పంపే దారీ లేదు. అయినా రోజుకు రెండు, ఒక్కో రోజు ఒకటే తీసేవాడు. ఏ వీడియో అయినా ఒకే మాటతో మొదలయ్యేది.

"అమ్మా, తిన్నా."

మొదట్లో ఆ మాటలో నవ్వుండేది. "అమ్మా, తిన్నా. ఇదిగో సూడు, మంచు అంటే ఇదే. ఐసు బండి బోర్లా పడినట్టు ఉండాది." తర్వాత తర్వాత పెదాలు పగిలి, బుగ్గలు లోపలికి పోయి, చూడగానే తినలేదని తెలిసిపోయేది. అయినా అదే మాట.

మాట్లాడడం అయిపోయాక ఫోను ఒకసారి వెనక్కి తిప్పేవాడు. కందకంలో కూర్చున్న మనుషులు కనబడేవాళ్ళు. పెళ్ళి ఫోటోల్లో ఎవరి తలా తెగిపోకుండా లెక్క చూసుకోవడం నాకు అలవాటు. ఆ అలవాటుతోనే వీళ్ళనూ లెక్కపెట్టాను. అరవయ్యో వీడియోలో పదకొండు మంది. తొంభయ్యో వీడియోలో వాళ్ళలో ఏడుగురే. నూట ఇరవైకి నలుగురు. మిగతావాళ్ళు ఏమయ్యారో అతను ఒక్క మాట చెప్పలేదు. ఖాళీ అయిన చోట వేరేవాళ్ళు కూర్చునేవారు, రెండు రోజులకు వాళ్ళూ ఉండేవారు కాదు. ఫోను మాత్రం అదే వేగంతో, అదే వైపు నుంచి తిరిగేది.

నూట ముప్ఫై దాటాక మాట మారింది. "అమ్మా, తిన్నా" అంటాడు, ఆ వెంటనే, "వాడు బాగానే ఉండాడు. ఈ పొద్దు వాడికి కాలు వాచింది. వాడు ఏడవలా" అంటాడు. మొదట ఇంకెవరి గురించో అనుకున్నాను. నాలుగైదు వీడియోలు పోయాక అర్థమైంది. వాడంటే ఫోన్లో తనకు కనబడే తన బొమ్మ.

ఒక మధ్యాహ్నం హెడ్‌ఫోన్లు పెట్టుకుని పని చేస్తున్నాను. వీడియోలో ఆకాశంలో డ్రోను తిరుగుతోంది. కందిరీగ రొద లాంటి శబ్దం. దయానంద్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కదలకుండా ఉన్నాడు. అప్పుడే కరెంటు పోయింది. గదిలో ఫ్యాను ఆగింది, ఆ రొద ఆగలేదు. కంప్యూటరు యూపీఎస్ మీద నడుస్తోందనీ, రొద హెడ్‌ఫోన్లలోదేననీ తెలుసు. తెలిసి కూడా లేచి, మేడమెట్ల మీదికి వచ్చి, కింద అరటిపళ్ళ బండివాడు కనబడేదాకా నిలబడ్డాను.

ఆఖరి వీడియో, రెండొందల మూడోది, ఏప్రిల్ ఏడో తారీకున విన్నాను. అది తీసింది అంతకు ముందు ఏడు, 2024 మార్చి పదకొండున, మధ్యాహ్నం రెండూ నలభైకి.

మొదట తెర నల్లగా ఉంది. ఒక గుసగుస వినిపించింది.

"అమ్మా, తిన్నా."

అది దయానంద్ గొంతు కాదు.

నాలుగు వారాలుగా రోజంతా అతని గొంతే విన్నదాన్ని. ఊపిరి పీల్చే తీరును బట్టి అతనికి జలుబో కాదో చెప్పగలను. ఇది వేరే మనిషి. లోపల్లోపల ఈల వేస్తున్నట్టు ఊపిరి తీస్తున్నాడు.

తెర వెలిగింది. ఏదో ఇంటి నేలమాళిగ. పైన చిన్న కిటికీలోంచి పగటి వెలుతురు పడుతోంది. గోడకు ఆనుకుని దయానంద్. కాళ్ళకు గుడ్డ కట్లు. ఫోను అతని చేతిలో లేదు. ఎవరో పట్టుకుని అతన్ని తీస్తున్నారు. దయానంద్ కళ్ళు సగం తెరిచి, ఫోను పట్టుకున్న మనిషి వైపు చూసి మాట్లాడుతున్నాడు.

"నాయనా, వచ్చినావా? అమ్మ పొలం కాడికి పోయిండాది. నువ్వు కూచో... నీ చెయ్యి ఇంత సల్లగా ఉండాదేమి నాయనా?"

ఈల ఊపిరి ఒక్కటే బదులు.

పదకొండు నిమిషాలు అలాగే. దయానంద్ మధ్యమధ్యలో నవ్వాడు. క్రషర్ దగ్గరికి అన్నం క్యారియరు తెచ్చిన రోజుల గురించి చెప్పాడు. అవతలి మనిషి అడగని ప్రశ్నలకు "ఆఁ", "లేదు" అని జవాబులిచ్చాడు. టైపు చేస్తూ చేస్తూ నా వేళ్ళు ఆగిపోయాయి. చెంగయ్య చనిపోయి తొమ్మిదేళ్ళని నాకు తెలుసు.

హృషీకేశ్ గారికి ఫోను చేశాను. ఆయన ఆ వీడియోను ముందే పైపైన, జరుపుకుంటూ చూశారట. తోటివాడెవడో తీశాడనుకున్నారట. ఎడిటర్లకు యాస అర్థం కాక, అతను ఎవరితో మాట్లాడుతున్నాడో ఎవరికీ తెలియలేదు.

ఆ ఆదివారం పొద్దున దయానంద్‌ను వెంటబెట్టుకుని వచ్చారు. చేతికర్ర పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే ఎక్కాడు. మంచుకు ఎడమ కాలి వేళ్ళు పోయాయి. కుడి చేతికి రెండు వేళ్ళు లేవు. "నమస్తే అక్కా" అన్నాడు. నాకు బాగా తెలిసిన గొంతు కొత్త మనిషి నోట్లోంచి వచ్చినట్టయి ఉలిక్కిపడ్డాను.

ఆ ఒక్క వీడియో చూడమని బతిమాలాం. చూశాడు. పూర్తయ్యేదాకా కదల్లేదు.

"ఇది నేను తీయలా" అన్నాడు.

"నీతో ఎవరున్నారు?" అన్నారు హృషీకేశ్ గారు.

"ఎవురూ లేరు సార్. ఐదు మందిమి ఆ ఇంట్లోకి దూరినాము. నలుగురు పైనే పడిపోయినారు. నేను మెట్ల మీద నుంచి కిందికి జారినాను. ఆడిదాకా గెవనం ఉండాది. మళ్ళా కండ్లు తెరిస్తే ఆసుపత్రి. మూడు దినాలు ఆడనే పడుంటినని చెప్పినారు."

"ఫోను?"

"బనియన్ సంచిలోనే ఉండె. గుండీ కూడా పెట్టుండె." తెర మీద తన కాళ్ళను చూపించి, "కట్లు నేను కట్టుకోలేదు సార్. నాకు అట్ల కట్టేది రాదు" అన్నాడు.

కింద బస్సుల హారన్లు వినబడుతున్నాయి.

తాయమ్మకు చూపించవద్దని నేను అన్నాను. దయానంద్ ఒప్పుకోలేదు. వీడియోలు అమ్మ కోసం తీసినవేననీ, ఆమెకు తెలియకుండా సినిమాలో పెట్టకూడదనీ పట్టుబట్టాడు. మర్నాడు మధ్యాహ్నం నా ల్యాప్‌టాప్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. తాయమ్మ బడి నుంచి అప్పుడే వచ్చి, చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుంటూ కూర్చుంది.

తెర ఇంకా వెలగలేదు. గుసగుస వినబడింది, ఆ తర్వాత ఈల ఊపిరి. తాయమ్మ చెయ్యి చాచి ల్యాప్‌టాప్ అంచు గట్టిగా పట్టుకుంది.

"మీ నాయన" అంది.

"అమ్మా..."

"గమ్మునుండు. ఏడేండ్లు ఆ ఈల పక్కన పండుకున్నా నేను. నాకు తెలీదా? మీ నాయనే వచ్చినాడు."

చివరిదాకా చూసింది. ఏడవలేదు. లేచి లోపలికి పోయి, గోడకున్న చెంగయ్య ఫోటో ముందు కాసేపు నిలబడి, ఏదో మాట్లాడింది. మాటలు మాకు వినబడలేదు.

తిరుపతికి వచ్చాక కుదురుగా ఉండలేకపోయాను. ఆ వీడియో వేగం తగ్గించి, ఒక్కొక్క ఫ్రేమూ చూసుకుంటూ పోయాను. మూడు రోజులు పట్టింది. ఎనిమిదో నిమిషంలో దయానంద్ నీళ్ళడుగుతాడు. తెర కిందివైపు నుంచి ఒక చెయ్యి వస్తుంది, సీసా మూత అతని పెదాలకు ఆనిస్తుంది, పోతుంది. మొత్తం రెండు సెకన్లు. వెలుతురు పెంచి చూశాను. మురికి పట్టిన చెయ్యి, గోళ్ళ సందుల్లో మట్టి, మోచేతి పైన చుట్టిన పసుపు రంగు పట్టీ.

దయానంద్ వాళ్ళందరికీ చేతికి తెల్ల పట్టీలు. కందకంలో తీసిన ప్రతి వీడియోలోనూ చూశాను. ఫ్రేమును హృషీకేశ్ గారికి పంపితే ఆయన వెంటనే ఫోను చేశారు.

"పసుపు అవతలివాళ్ళది. ఉక్రెయిన్ సైనికుడు" అన్నారు.

అంటే ఆ మాళిగలోకి శత్రువు దిగాడు. అతనికీ ఒంట్లో బాగా లేదు, ఊపిరే చెబుతోంది. పడి ఉన్న దయానంద్‌కు కట్లు కట్టాడు, నీళ్ళు పోశాడు. వెచ్చగా ఉన్నాడో లేడో చూడబోతే బనియన్‌లో ఫోను దొరికి ఉంటుంది. దయానంద్ ఫోనుకు తాళం పెట్టేవాడు కాదు. అందులోని వీడియోలు చూసి ఉంటాడు. ఒక్కోటీ ఒకే మాటతో మొదలవుతుంటే, ఇంటివాళ్ళతో మాట్లాడాలంటే అలా మొదలుపెట్టాలి కాబోలనుకున్నాడేమో. అర్థం తెలియకుండానే ఆ మాట చెప్పి, ఇదిగో మీవాడు ప్రాణంతో ఉన్నాడని తీసి చూపించాడు. తర్వాత ఫోను యథాస్థానంలో పెట్టి, గుండీ పెట్టి, వెళ్ళిపోయాడు. వెళ్ళాడో, పక్క గదిలోనే పోయాడో. ఇందులో సగం మా ఊహే. పసుపు పట్టీ మాత్రం కంటికి కనబడుతోంది.

తాయమ్మకు దయానందే చెప్పాడు.

"ఆ పిల్లోడికి దగ్గు తగ్గినాదా?" అని అడిగింది ఆమె.

"యాడుండాడో తెలీదుమా."

"మందు తాగకపోతే అది తగ్గదు. మీ నాయన్ను సూసినా కదా."

భర్త రాలేదని ఆమె ఒప్పుకుందా అంటే, చెప్పలేను. ఆ తర్వాత ఒకసారి నాతో, "వచ్చినోడు ఎవురైనా కానీ పాపా, ఊపిరి మాత్రం ఆయందే" అంది.

హృషీకేశ్ గారికి ఆ రెండు సెకన్లు సినిమాకు ప్రాణం లాంటివి. ఫ్రేము ఆపి, పసుపు పట్టీ పెద్దది చేసి చూపించాలనుకున్నారు. దయానంద్ వద్దన్నాడు.

"ఆయప్ప బతికుంటే? శత్రువుకు నీళ్ళు పోసినావని వాళ్ళోళ్ళే పట్టుకుంటే ఎట్ల సార్?"

"ముఖం లేదు కదయ్యా."

"చెయ్యి ఉండాది కదా. గొంతు ఉండాది. ఆ ఊరు, ఆ ఇల్లు, ఆ తారీకు తెలిసినోడికి చాలదా?"

రెండు వారాలు వాదన జరిగింది. ఇద్దరూ నా గదిలోనే, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా కూర్చునేవారు. చివరికి దయానంద్, అది తీసేయకపోతే రెండొందల మూడు వీడియోలూ వెనక్కి తీసుకుంటానన్నాడు. అంత గట్టిగా అతను మాట్లాడగా వినడం అదే మొదలు. హృషీకేశ్ గారు తగ్గారు. చెయ్యి వచ్చే రెండు సెకన్లు నేనే కత్తిరించాను. గుసగుస మాటను తీసేశాను. తారీకు చెరిపేశాను. ఊపిరి ఉంచాను, అది లేకపోతే దయానంద్ ఒంటరిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది.

అందువల్ల సినిమా చూసేవాళ్ళకు నిజం అందదు. చనిపోయిన తండ్రితో ఒక కొడుకు మాట్లాడుతుంటాడు, ఎదుట ఎవరో ఊపిరి తీస్తుంటారు, అంతే. బెంగళూరులో వేసినప్పుడు ఆ పదకొండు నిమిషాలకు హాల్లోంచి ఇద్దరు లేచి బయటికి వెళ్ళిపోయారట.

జనవరిలో వాళ్ళ పల్లెలో బడి గోడకు తెర కట్టి, సాయంత్రం వేళ చూపించాం. ఊరంతా వచ్చింది. అయిపోయాక లైట్లు వేశాం. క్రషర్లో చెంగయ్యతో పని చేసిన ఏకాంబరం మెల్లగా దయానంద్ దగ్గరికి వచ్చాడు. ఆయనకూ ఊపిరి సరిగ్గా ఆడదు.

"ఎవుర్రా అబ్బయా అది, నీ ముందర?"

దయానంద్ తల్లి వైపు చూశాడు.

"నన్ను బతికించినోడు మామా" అన్నాడు.

నేను వైర్లు చుట్టి ప్రొజెక్టరు సర్దుకుంటుంటే దయానంద్ ఒక కాలి మీద బరువు వేసి, కుర్చీలు మడిచి గోడకు పెట్టాడు. ఇప్పుడు రేణిగుంట రోడ్డులో లారీలు తూచే కాటా దగ్గర బరువులు టైపు చేసే పనిలో ఉన్నాడు. మర్నాడు పొద్దున ఆరింటికే పనికి పోవాలన్నాడు.