ఏరేటర్ మీద నెపం

మా ఆయన ఛాతీలో, ఎడమ భుజం కింద, అగ్గిపెట్టెంత మిషను పెట్టారు. గుండె లయ తప్పితే అందులోని చిప్పు కనిపెడుతుంది, మిషనే షాకిచ్చి మళ్ళీ దారిలో పెడుతుంది. "ఒక్కసారి కొట్టినా ఫోన్ చెయ్యండి. వెంటవెంటనే కొడితే మాత్రం తీసుకొచ్చెయ్యండమ్మా" అని డాక్టరమ్మ గారు నాకు చెప్పారు. ఆయనకి చెప్పినా చెవికెక్కదని ఆవిడకీ తెలిసిపోయింది.

భీమవరం దగ్గర మాకు రెండు రొయ్యల చెరువులున్నాయి. నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లలో కరెంటు లీకవడం, దిగినవాళ్ళకి జుమ్మనడం మావైపు మామూలే. స్విచ్ ఆపి, చెయ్యి విదిలించుకుని మళ్ళీ దిగుతారు.

ఆ రోజు పొద్దున్న ఆయన మొలలోతు నీళ్ళలో నిలబడి, రొయ్యలు మేత తిన్నాయో లేదో చూద్దామని ట్రే పైకి లాగుతున్నాడు. ఉన్నట్టుండి అదిరిపడి గట్టు పట్టుకున్నాడు.

"ఏరేటర్ కొట్టిందే. ఆ ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చెయ్యి."

చేశాను. "నిన్ననే కదయ్యా బాగు చేశానన్నావ్? మా ఆయన్ని చంపుతావా ఏంటి?" అని దులిపేశాను. ఫోన్ పెట్టేలోపే ఆయన ఇంకోసారి అదిరాడు. పరుగెత్తి స్విచ్ ఆపేశాను. ఆ తర్వాత కొట్టలేదు.

ఎలక్ట్రీషియన్ పాపం ఆదరాబాదరా వచ్చాడు. టెస్టర్ పెట్టి, వైరంతా తడిమి, "లీకేజీ ఏం లేదండి" అన్నాడు.

"ఆపాక కొట్టలేదుగా? సరిగ్గా చూడు" అన్నాను. నా పోరు పడలేక మోటారే మార్చేశాడు.

మధ్యాహ్నం షెడ్డులో, పొడి బట్టలు కట్టుకుని మంచం మీద పడుకున్న మనిషిని మూడోసారి కొట్టింది. అక్కడ నీళ్ళు లేవు, మోటారు లేదు. ఆయన నా మొహంలోకి చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. భయంగా చూశాడు.

కారు ఆసుపత్రి గేటు దాటేసరికే అంతా అయిపోయింది.

డాక్టరు గారు ఆయన ఛాతీ మీద ఏదో పరికరం ఆనించి, తెర మీద చదివారు. "పొద్దున్నే రెండుసార్లు కొట్టిందమ్మా. అప్పుడే తీసుకురావలసింది. దగ్గర ఎవరూ లేరా?"

"నేనే ఉన్నానండి" అన్నాను. ఏడవడానికి కూడా సిగ్గేసింది.

షాక్ కాళ్ళలో కొట్టిందా, గుండెల్లో కొట్టిందా అని ఆయన్ని ఒక్క మాట అడిగుంటే చెప్పేవాడు. నేను అడగలేదు.